జర దమ్ పట్టు

మా అన్న తాండూరులో నాపరాయి పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. రాతి దుమ్ముకు బీడీ తోడై ఊపిరితిత్తులు చెడ్డాయి. పీల్చిన గాలి బయటికి రావడానికే చాలాసేపు పట్టేది. మాట మధ్యలో ఆగేవాడు. ఇంట్లో మేమూ ఆగేవాళ్లం.

పోయిన చలికాలం ఆయాసం ముదిరితే వికారాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. ముఖానికి మాస్కు బిగించి మిషన్ పెట్టారు. అది గాలిని లోపలికి నెడుతుంది. అన్న పాత గాలి ఇంకా వదులుతుండగానే కొత్త గాలి కొట్టేది. తల అటూ ఇటూ తిప్పాడు. మిషన్ కూత పెట్టింది.

సిస్టర్ వచ్చి, "తాతా, జర దమ్ పట్టు, పరేషాన్ గాకు" అంది. కాస్త ఓపిక పట్టమని ఆమె ఉద్దేశం. అన్నకు మాత్రం అది ఎక్స్‌రే గదిలో విని విని అలవాటైన మాట. అక్కడ దమ్ పట్టమంటే ఊపిరి బిగబట్టాలి. బుద్ధిగా బిగబట్టాడు. మిషన్ ఇంకా గట్టిగా కూసింది.

"మిషన్‌తోటి కొట్లాడుతవేంది తాతా!"

"కొట్లాడుతలేడమ్మా. నువ్వు పట్టుమన్నవని దమ్ బిగవట్టిండు. ఆయన గాలి ఇడిసేదాక మీ మిషన్‌నే జర ఆగుమను" అన్నాను.

"ఆగుమంటే ఆగనీకి అదేమన్న ఆటోనా పెద్దాయనా? నువ్వు బయటికి నడువు."

తలుపు అద్దంలోంచి చూశాను. మాస్కు పీకుతున్నాడని రెండు చేతులూ మంచానికి కట్టారు. ఏళ్ల తరబడి డైరీ రాస్తున్నాను. అన్న ఒకరితో గొడవపడ్డాడని ఏ పేజీలోనూ లేదు.

మరునాడు పెద్ద డాక్టరు వచ్చి, అన్న రొమ్మునూ మిషన్‌నూ కాసేపు చూసి ఏవో మీటలు నొక్కాడు. మిషన్ అన్న ఊపిరి కోసం ఆగడం మొదలుపెట్టింది. చేతులు విప్పారు. అంత చిన్న పని.

ఇంటికొచ్చాక అన్న మణికట్లు చూసుకుంటూ అడిగాడు: "తమ్మీ, నేనెవల్తోటి కొట్లాడిన్రా?"

ఎండాకాలంలో ఆయాసం తిరగబెట్టింది. ఆటో తెచ్చి బతిమాలాను. "ఇప్పుడా మిషన్ ఆగుతదన్నా, డాక్టర్ సరిజేసిండు గదా."

"మిషన్... ఆగుతదేమో. చేతులు గట్టెటోళ్లు... ఆగరు."

మంచం పట్టె పట్టుకుని కదల్లేదు. సాయంత్రానికి పోయాడు.

పరామర్శకు వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని అనుకున్నారు: "మొండోడు. దవాఖానకే పోనన్నడంట."

వాళ్లందరికీ చాయ్ నేనే అందించాను.