షౌకత్ ఎంచిన గడ్డికోత బండి

మాచర్లలో షౌకత్ అంటే ఆయిల్ ఇంజన్ల షౌకతే. స్టేషను దారిలో అతనిది రేకుల షెడ్డు. చుట్టుపక్కల ఎవరి పొలంలో ఇంజను మొరాయించినా బండి మీద వేసుకొని అక్కడికే తెచ్చేవాళ్ళు. అతను స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కళ్ళు మూసుకొని వినేవాడు. కళ్ళు తెరిచి "రింగులు పోయినై" అన్నాడంటే పోయినట్టే. ఇంజను విషయంలో రెండో మాట ఉండేది కాదు.

ఇంజను దాటితే మాత్రం అతనికి అన్నీ అనుమానాలే. ఒకసారి పెళ్ళికని సత్తెనపల్లి వెళ్ళి, భార్య సాబిరాకు చీర కొందామని కొట్లో కూర్చున్నాడు. ఆకుపచ్చదా, వంకాయరంగుదా తేల్చుకోలేక మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చొని, ఏదీ కొనకుండా బస్సెక్కి వచ్చేశాడు. అప్పటినుంచి ఇంట్లోకి కావలసినవన్నీ సాబిరాయే చూసుకునేది.

అటువంటి మనిషికి, ఎనభై ఆరులో, తొలకరి పడ్డ నాలుగు రోజులకు, రాఘవయ్యగారి దగ్గర్నుంచి కబురు వచ్చింది.

రాఘవయ్యగారికి రెండు నాపరాళ్ళ గనులు ఉన్నాయి. సాగర్ రోడ్డులో పెద్ద ఇల్లు. రెండేళ్ళ కిందట లారీకి ఎత్తుతున్న బండ జారి ఆయన ఎడమకాలి మీద పడింది. గుంటూరు డాక్టర్లు కాలు తీసెయ్యకుండా కాపాడారు గానీ, మోకాలు వంగదు, దాని కింద కదలిక లేదు. చేతికర్ర వచ్చింది. పొద్దునా సాయంత్రం వట్టి కాళ్ళతో పచ్చగడ్డి మీద నడవమని డాక్టరు చెప్పాడట. ఇంటిచుట్టూ ఉన్నది రాతినేల. ఆయన ట్రాక్టర్లతో మట్టి తోలించి, బోరు వేయించి, ఎకరం మేర గడ్డి నాటించాడు. మిరప వెయ్యాల్సిన ఎకరంలో గడ్డి పెంచుతున్నాడని ఊళ్ళో కొన్నాళ్ళు అదే మాట.

షౌకత్ వెళ్ళేసరికి ఆయన వరండాలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. రంగు బొమ్మలున్న కాగితాలు మూడు షౌకత్ చేతిలో పెట్టాడు.

"మద్రాసు నుంచి తెప్పిచ్చినా. గడ్డి కోసే మిషన్లు. కూచొని కోసేది కావాల మనకి. ఎనక నడుస్తా నెట్టేది వద్దు. ఇంజన్ల సంగతి నీకు తెలిసినట్టు ఇంకోడికి తెలవదు. నువ్వే ఎంచు షౌకతూ. పదివేలు మాత్రం దాటొద్దు."

గడ్డి కొయ్యటానికి కూర్చోవటం ఏమిటో షౌకత్‌కు బోధపడలేదు. అడగటానికి మొహమాటపడి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి సాబిరాకు చూపించాడు. చిన్న ఎర్ర ట్రాక్టరు లాంటిదాని మీద ఒక దొరసాని నవ్వుతూ కూర్చొని ఉంది.

"ఈమెకి పొలం ఎంత?" అంది సాబిరా.

"పొలం కాదంట. ఇంటి ముందర గడ్డి."

"కోసి గొడ్లకేస్తదా?"

"పారేస్తదంట."

సాబిరా బొమ్మను తిప్పి చూసి ఇచ్చేసింది. "నాలుగు గొర్రెల్ని తోలితే పోయేదానికి ట్రాక్టరెందుకు? ఆయనకి చెప్పకపోయినావా?"

"నన్ను ఎంచమన్నాడు గానీ సలహా అడగలేదు" అన్నాడు షౌకత్. ఆ మాట అన్నాక, ఎంచటానికీ సలహాకూ తేడా ఏమిటా అని ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు షెడ్డుకు పెదకోటయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. రాఘవయ్యగారి గడ్డిని ఇప్పటిదాకా కొడవలితో కోస్తున్నది ఆయనే. కోసిన గడ్డి ఆయన గేదెకు.

"మిషను తెస్తున్నావంటగా అబ్బాయ్?"

"చూడమన్నాడు బాబాయ్. నీకు నడుం నొప్పి తగ్గిద్దిలే. కూచొని తోలొచ్చు."

"నేను తోలేదేంది! సైకిలే ఎక్కలేదు నా జన్మలో" అన్నాడు పెదకోటయ్య. "ఏదన్నా తే గానీ, గడ్డిని పొడి చేసి ఎగజిమ్మేది తేబాక. పొడయితే గేదె మూతి పెట్టదు."

అందులో అలాంటివీ ఉంటాయా అని షౌకత్ కాగితాలు తీసి చూశాడు. ఉన్నాయి. ఎర్ర బండి కింద ఫ్యాను రెక్కలాగా తిరిగే కత్తి ఉంది. అది గడ్డిని నరికి పక్కకు విసిరేస్తుంది. ఇంకోదానికి రోకలికి చుట్టినట్టుండి గుండ్రంగా తిరిగే చుట్ట కత్తులున్నాయి. అవి గడ్డిని కత్తిరించి ముందున్న పెట్టెలో వేస్తాయి. అంతదాకా అతను ఇంజను ఎన్ని గుర్రాలదో తప్ప ఇంకేమీ చూడలేదు.

గుంటూరు ప్రయాణమైన పొద్దున రాఘవయ్యగారి భార్య పున్నమ్మ దారిలో ఆపింది. గుడి నుంచి వస్తోంది.

"నాయనా షౌకతూ, దొరకలేదని చెప్పు. నీకు పుణ్ణెముంటది."

"ఎందుకమ్మా? అయ్యగారు అంతగా..."

"ఎందుకని అడగబాక. దొరకలేదని చెప్పు, అంతే." కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెళ్ళిపోయింది.

రైల్లో కూర్చున్నంతసేపూ షౌకత్‌కు తల తిరుగుతూనే ఉంది. ఒకరు తెమ్మంటారు. ఒకరు వద్దంటారు. ఒకరు గేదెకు నచ్చేది తెమ్మంటారు. తనకేమో అందులో ఇంజను ఒక్కటే అర్థమవుతుంది.

గుంటూరులో పాత మిషన్లు అమ్మే కొట్టులో ఒకటి చూశాడు. బొమ్మలోని ట్రాక్టరు లాంటి బండి కాదది. ముందు చుట్ట కత్తులు, గడ్డి పెట్టె, పట్టుకొని నడపటానికి పొడుగాటి కమ్మీలు ఉన్న కోత మిషను, దాని వెనక తగిలించిన ఇనుప రోలరు, రోలరు మీద సీటు. క్రికెట్ ఆడే మైదానాల్లో వాడతారట. తాడు లాగితే గానీ ఇంజను అందుకోదు. చెవి పెట్టి విన్నాడు. దగ్గు రోగిలాగా ఉంది. ధర పదివేలు చెప్పారు.

"నాగలి మీద కూచున్నట్టుంది" అనుకొని వచ్చేశాడు.

ఆ వారమే సాగర్ మీదుగా హైదరాబాదు బస్సెక్కాడు. సికింద్రాబాదులో ఒక షాపు వెనక రేకుల కింద బొమ్మలోని ఎర్ర బండి నిజంగానే నిలబడి ఉంది. ఎవరో విదేశీ ఇంజనీరు తన దేశం వెళ్తూ అమ్మిపోయాడట. కొత్తది నలభైవేల పైమాట, ఇది తొమ్మిదివేలు. తాళంచెవి తిప్పగానే ఇంజను అందుకుంది. షౌకత్ స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. గడియారంలాగా ఉంది. సీటెక్కి ఎడమకాలితో క్లచ్ తొక్కి, గేరు వేసి షాపు వెనక స్థలంలో రెండు చుట్లు తిరిగాడు. జన్మలో మొదటిసారి, కొనే వస్తువు విషయంలో అతనికి ఏ అనుమానమూ రాలేదు. మూడు వందలు అడ్వాన్సు ఇచ్చేశాడు. పెదకోటయ్య గేదె గుర్తుకొచ్చింది గానీ, దానికి వేరే గడ్డి దొరక్కపోతుందా అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వరండాలో నిలబడి ఉత్సాహంగా అంతా చెప్పాడు. రాఘవయ్యగారు మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. అయ్యాక ఒక్కటే అడిగాడు.

"ఎడమకాలితో తొక్కాల్సింది ఏమన్నా ఉందా దాంట్లో?"

"క్లచ్ అండి. ఏం కష్టం లేదు. పెదకోటయ్య బాబాయికి రెండు రోజుల్లో నేర్పిస్తా."

"పెదకోటయ్య కాదు తోలేది."

"మరెవరండి?"

"నేను."

షౌకత్ చుట్టూ చూశాడు. వాకిట్లో ముగ్గురు పనివాళ్ళు ఉన్నారు. గనుల్లో వందమంది ఉన్నారు. ఈయన గడ్డి కొయ్యటం ఏమిటి?

రాఘవయ్యగారు కర్రను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "నేను గనికి యజమానిగా పుట్టలేదయ్యా. పద్నాలుగేళ్ళప్పుడు కూలికి పోయినా. సుత్తీ ఉలీ పట్టుకొని బండ చీల్చినా. సొంత గని వచ్చినాక కూడా రోజుకో గంట రాయి కొట్టందే అన్నం సయించేది కాదు. ఈ రెండేళ్ళనుంచి మంచినీళ్ళు కూడా చేతికి తెచ్చిస్తున్నారు. ఒక్క పని, ఇది నేను చేసింది అని సాయంత్రం పూట చూసుకునే పని ఒక్కటి కావాల నాకు. కొడవలి పట్టుకొని గొంతుక్కూచుందామంటే కాలు వంగదు."

లోపల తలుపు పక్కన గాజులు కదిలిన చప్పుడైంది. పున్నమ్మ వింటోంది. ఆమె ఎందుకు వద్దందో షౌకత్‌కు అప్పటికి తెలిసింది. తెలిసినా ఏం చెయ్యాలో తెలియలేదు. ఆయన మాటా నిజమే, ఆమె భయమూ నిజమే.

"ముందే చెప్పి ఉంటే..." అన్నాడు.

"చెప్తే తెచ్చేవాడివా? మా ఇంటిదాంతో కలిసి దొరకలేదనేవాడివి."

షౌకత్ తల వంచుకొని వచ్చేశాడు. మూడు రోజులు షెడ్డులో సరిగా పని చెయ్యలేదు. ఎర్ర బండికి కాలి క్లచ్ తీసేసి స్కూటరు క్లచ్ లాగా చేతికి తీగ బిగిస్తే? బిగించొచ్చు. కానీ ఎప్పుడైనా తీగ తెగితే, బండి ఆగకపోతే, ఆ మనిషి దూకగలడా? తాను బిగించిన తీగ మీద ఇంకొకరి ప్రాణం పెట్టటానికి ధైర్యం చాలలేదు. గుంటూరు మిషను గుర్తొచ్చింది. దానికి కాళ్ళతో పనిలేదు. క్లచ్, వేగం అన్నీ చేతుల దగ్గరే. కానీ ఆ కాలుతో సీటెక్కటం కుదురుతుందా? ఎంత ఆలోచించినా తేలలేదు.

మళ్ళీ గుంటూరు వెళ్ళాడు. కొట్టు ముందు తువ్వాలు తీసి, ఒక చెక్కబద్ద అడిగి, తన ఎడమకాలు వంగకుండా బద్దకు గట్టిగా కట్టుకున్నాడు. కొట్టువాడు తమాషాగా చూశాడు. దారినపోయేవాళ్ళు నిలబడ్డారు.

"ఏంది సాయబూ, మొక్కుబడా?" అన్నాడొకడు.

షౌకత్ ఎడమ వైపు నుంచి ఎక్కబోయి వెల్లకిలా పడ్డాడు. అందరూ నవ్వారు. లేచి, మోచెయ్యి దులుపుకొని, ఈసారి కుడి వైపు నుంచి వెళ్ళాడు. చేతులతో మిషను పట్టుకొని, కుడికాలి మీద బరువు మోపి సీటు మీదికి జారాడు. కట్టిన కాలు పక్కకు చాపుకుంటే రోలరుకు తగల్లేదు. కొట్టువాడు తాడు లాగాడు. షౌకత్ కమ్మీ మీదున్న క్లచ్ పిడి నొక్కి వదిలి, ఖాళీ స్థలంలో ఆ చివరిదాకా వెళ్ళి తిప్పుకొని వచ్చాడు. భుజాలు పీకాయి. పిడి నొక్కితే మిషను ఠక్కున ఆగింది. పదిసార్లు నడిపి, పదిసార్లు ఆపి చూశాడు. ఆ తర్వాత ఇంజను సంగతి పట్టించుకున్నాడు. దగ్గు తగ్గించటం తన చేతిలో పని.

బేరమాడితే తొమ్మిదివేల రెండొందలకు వచ్చింది. సికింద్రాబాదు మూడు వందలు మునిగాయి. అవి తన తప్పేనని షౌకత్ తన కూలిలోంచి తగ్గించుకోబోతే రాఘవయ్యగారు ఒప్పుకోలేదు.

షెడ్డులో ఇంజను విప్పి బాగుచేసి, ఒక ఆదివారం పొద్దున మిషను గడ్డిలోకి దింపారు. పున్నమ్మ వరండా స్తంభం పట్టుకొని నిలబడింది. రాఘవయ్యగారు కర్ర పక్కన పారేసి, షౌకత్ చూపించినట్టే కుడి వైపు నుంచి ఎక్కాడు. పెదకోటయ్య తాడు లాగాడు. మొదటి సాలు వంకరగా పోయింది. రెండోదీ వంకరే. పెట్టెలో పచ్చగడ్డి రాలుతుంటే పెదకోటయ్య వెనకే పరిగెత్తాడు.

మూడో సాలులో ఖంగుమని చప్పుడైంది. మట్టిలోంచి తేలిన నాపరాతి ముక్క కత్తుల్లో పడింది. ఆ అదురుకు రాఘవయ్యగారి చేతులు క్లచ్ పిడిని వదిలేసి కమ్మీలకే బిగుసుకున్నాయి. మిషను ఆగలేదు. బంతిమొక్కలు తొక్కుకుంటూ ప్రహరీ వైపు పోతోంది. షౌకత్ పక్కన పరిగెత్తుతూ చెయ్యి చాచాడు. పిడి తాను లాక్కోవాలా, ఆయనకే వదిలెయ్యాలా? చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"పిడి నొక్కండి! రాఘవయ్యగారూ, పిడి!"

గోడకు రెండడుగుల దూరంలో మిషను ఆగింది. రాఘవయ్యగారి ఒళ్ళంతా చెమట. ఆయన నవ్వుతున్నాడు. వరండాలో పున్నమ్మ కొంగులో మొహం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో షౌకత్‌కు అంతుపట్టలేదు.

"కత్తులు రెండు వంగినై" అన్నాడు వంగి చూసి. ఆ ఎర్ర బండి అయితే రాయి మీదుగా పోయేదేమో అనిపించింది. లేక రాయిని ఎగరేసి ఎవరి కంట్లోనైనా కొట్టేదేమో.

"సరిచెయ్యి. మళ్ళీ ఆదివారం కోద్దాం" అన్నాడు రాఘవయ్యగారు. "ఈలోపు రాళ్ళు ఏరిపిస్తా. కాదు, కూచొని నేనే ఏరతా."

మధ్యాహ్నం అన్నం పెడుతూ సాబిరా అడిగింది, "ఇంతకీ మంచిదేనా నువ్వు తెచ్చింది?"

షౌకత్ ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. తాడు లాగటానికి ఇంకో మనిషి కావాలి. రాయి పడితే కత్తులు వంగుతాయి. ఆ ఇంటామె ఆదివారం వస్తే వణికిపోతుంది. గేదెకు మాత్రం కరువు లేదు.

"తెలవట్లా" అన్నాడు.

ఆ మిషను ఐదేళ్ళు నడిచింది. ఏడాదికి రెండుసార్లు కత్తులు నూరి పెట్టింది షౌకతే. సాలు మాత్రం ఒక్కసారీ తిన్నగా రాలేదు.