బెయిలు కోసం ఒక ఎర్రతల చిలుక

ఎర్రతల చిలుకల్ని అడవిలో చూడాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. మామూలు రామచిలుక కంటే చిన్నవి. మగదానికి ముఖమంతా మాగిన రేగుపండు ఎరుపు, ఆడదానికి బూడిద రంగు. మోదుగలు పూసే రోజుల్లో ఆ పూల కోసం గుంపులుగా దిగుతాయి. అయితే ఈ ప్రయాణం నా సరదాతో మొదలవలేదు. ఖమ్మంలో ఉండే మా పెద్దమ్మ కొడుకు రవన్న కొట్లాట కేసులో జైల్లో ఉన్నాడు, బెయిలు దొరకడం లేదు. భద్రాచలం గుడి కట్టించిన భక్తుడు పోయిన జన్మలో చిలుకను పంజరంలో పెట్టినందుకే ఈ జన్మలో పన్నెండేళ్లు ఖైదు అనుభవించాడని మా వైపు చెప్పుకుంటారు. పెద్దమ్మ ఆ కథను తిరగేసుకుంది: చిలుకను విడిపిస్తే కొడుకు విడుదలవుతాడు.

ఉదయం ఆరింటికి నేనూ పెద్దమ్మా ఖమ్మంలో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు సున్నా. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మూడు గంటల పైమాటే. సారపాక దాటితే గోదావరి వంతెన. భద్రాచలంలో నేను టీ తాగుతుండగా పెద్దమ్మ సందులోకి వెళ్లి, గుడ్డ కప్పిన పంజరంతో వచ్చింది. ముందే ఫోనులో మాట్లాడి పెట్టుకుందట. గుడ్డ ఎత్తితే, నేను చూడాలనుకున్న ఎర్ర ముఖాన్ని మొదటిసారి ఊచల వెనకే చూశాను.

"ఇది నేరం పెద్దమ్మా. అమ్మినోనికే కాదు, కొన్నోళ్లకూ కేసైతది."

"ఇడిచిపెట్టెటందుక్కూడానా? ఏం సదువే నీది."

దుమ్ముగూడెం రోడ్డులో అడవి అంచుదాకా పోయి రావడానికి ఆటో ఆరువందలకు కుదిరింది. డ్రైవర్ సోమయ్య అద్దంలోంచి పంజరాన్ని చూసి నవ్వాడు.

"మొన్న ఒకాయన కొలువు రావాలని గిట్లనే ఇడిచిండమ్మా. కొలువు రాలే గని, చిలకైతే మల్ల సందులకొచ్చింది."

పెద్దమ్మ పంజరం మీది గుడ్డ సర్దుకుంది.

రోడ్డు పక్కన మోదుగలు ఆకు లేకుండా పూసి ఉన్నాయి. పైన చిలుకల గుంపు దిగింది, పూరేకులు రాలిపడుతున్నాయి. దాదాపు అన్నీ బూడిద తలలే, ఎర్ర ముఖం ఒకటో రెండో. పెద్దమ్మ దండం పెట్టి పంజరం తలుపు తీసింది. చిలుక బయటికొచ్చి, రెక్కలు టపటపలాడించి, మట్టిలో పడింది. మళ్లీ ఎగరబోయి మళ్లీ పడింది. పట్టుకుని చూస్తే రెక్క ఈకలు కత్తెరతో వరసగా కోసేసి ఉన్నాయి. పైనున్న గుంపు బెదిరి లేచిపోయింది. నా చేతిలోది ఒక్కసారి అరిచింది.

"కోయకుంటే మల్ల ఎట్ల దొరుకుతది?" అన్నాడు సోమయ్య. ఈసారి నవ్వలేదు.

ఫారెస్టు ఆఫీసులో అప్పజెబుదామన్నాను.

"ఏడికెల్లి తెచ్చినవంటే ఏం జెప్పాలె? ఇంట్ల ఒక్క కేసు సాలదా?" అంది పెద్దమ్మ.

"ఈడ ఇడిస్తే కుక్కలు తింటయ్. ఈకలు మల్ల రావాలంటే నెలలు పడ్తది" అన్నాను.

"అందాక నేనే పంజరంల పెట్టాల్నా?"

తలూపాను.

"మరి నా కొడుకు?"

చిలుకను కొంగులో చుట్టుకుని ఆమే ఆటో ఎక్కింది.

ఇప్పుడది ఖమ్మంలో వంటింటి కిటికీ దగ్గర ఉంది. పగలంతా పంజరం తలుపు తీసే ఉంచుతుంది పెద్దమ్మ. తెరిచి ఉంటే ఖైదు కిందికి రాదట. చిలుక బయటికి రాదు. చీకటిపడితే పిల్లి భయానికి మూయాలి, మూసే ముందు దానికి దండం పెట్టి తప్పు కాయమంటుంది. అప్పజెబుదామని నేను అన్నప్పుడల్లా లోపలికి వెళ్లిపోతుంది. రవన్నకు ఇంకా బెయిలు రాలేదు. అడవిలో ఎర్ర ముఖాలు తగ్గిపోతున్నది మనుషులు వాటిని ద్వేషించి కాదు, మొక్కుకుని. అదే నాకు మింగుడుపడటం లేదు.

మీరు వెళ్లాలనుకుంటే మోదుగలు పూసినప్పుడు, పొద్దున్నే వెళ్లండి. విడిచిపెట్టడానికైనా సరే చిలుకను కొనకండి. మీరు కొంటారని తెలిసే దాని రెక్క కోస్తారు.