కనికరం తర్వాతి పని

నా చిన్నప్పుడు మా ఇంట్లో గ్రీకు తెలిసినవారు తాతయ్య ఒక్కరే. రేపల్లె దగ్గర ఒక చర్చికి ఆయన పాస్టరు. పాస్టర్ల చదువులో నేర్చుకున్న ఆ భాషతో ఊళ్ళో ఎవరికీ పని లేదు కాబట్టి, వినే వంతు నాకు వచ్చింది.

ఒక శనివారం సాయంత్రం ఆయన మర్నాటి ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నారు. తప్పిపోయిన కొడుకు ఇంటికి తిరిగొచ్చే కథ. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చేసిన పనులు వాక్యంలో వరుసగా ఐదున్నాయని వేళ్ళు మడిచి చూపించారు. చూశాడు, కనికరపడ్డాడు, పరుగెత్తాడు, మెడమీద పడ్డాడు, ముద్దు పెట్టుకున్నాడు. రెండోదానికి గ్రీకులో ఉన్న మాట 'స్ప్లాంఖ్న' నుంచి పుట్టిందట. అంటే పేగులు. ఆ కనికరం తలలో పుట్టేది కాదని, లోపల పేగు కదిలితే కాళ్ళు ఇక ఆగవని, అందుకే మూడో పని దానంతటదే జరిగిపోయిందని చెప్పారు.

"కడుపు తరుక్కుపోయిందంటే సరిపోదూ, దానికి గ్రీకెందుకండీ?" అంది వంటింట్లోంచి మా నాయనమ్మ. "ముందు తెనాలి వెళ్ళి మన చిన్నోణ్ణి తీసుకురండి."

చిన్నోడంటే మా బాబాయి. వేరే మతం అమ్మాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడని, సంఘం ముందు తల ఎత్తుకోలేక తాతయ్య రెండేళ్ళుగా అతనితో మాట మానేశారు. వాడే వచ్చి తప్పు ఒప్పుకోవాలని ఆయన పట్టు.

మర్నాడు ప్రసంగం మధ్యలో బాబాయి వచ్చి చర్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను చూశాను. తాతయ్య కూడా చూశారు. ఆయన మాట ఒక్క క్షణం తడబడింది. అయినా ప్రసంగం ముగించి, చివరి పాట పాడించి, దీవెన చెప్పి, గుమ్మంలో నిలబడి అందరితో చేయి కలిపారు. చూపు మాత్రం గేటు వైపే ఉంది. కొడుకు లోపలికి వస్తాడని ఆయన, తండ్రి పిలుస్తారని బాబాయి. జనం పలచబడేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

సోమవారం పొద్దున్నే తాతయ్య నన్ను వెంటబెట్టుకుని తెనాలి వెళ్ళారు. బాబాయి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ బయటికొచ్చింది.

"నిన్న సాయంత్రం బండికే వెళ్ళిపోయారండి ఇద్దరూ. భిలాయ్‌లో ఉద్యోగమంటండి. వెళ్ళేముందు నాన్నగారికి కనపడొస్తానని పొద్దున రేపల్లె కూడా వెళ్ళొచ్చారు."

"అవునమ్మా, వచ్చాడు. చూశాను" అన్నారు తాతయ్య.

తిరుగు రైల్లో ఆయన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నీకు తప్పు చెప్పానురా" అన్నారు. "నిన్న కడుపులో మెలిపెట్టిన మాట నిజమే. కానీ మూడోది దానంతటది జరగదు. మనమే లేవాలి."

భిలాయ్ వెళ్ళాలని ఏటా అనుకుంటూనే ఆయన పోయారు. ఆయన ఉండగా బాబాయి మళ్ళీ రాలేదు.

నేను ఇంజనీరింగులోకి వెళ్ళాను. నా గ్రీకు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఇప్పటికీ ఎవరైనా దూరంగా నిలబడి రావాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు కనిపిస్తే, చేతిలో పని వదిలేసి ఎదురు వెళతాను. చాలాసార్లు వాళ్ళు అడ్రసు వెతుక్కుంటూ ఆగినవాళ్ళే. దారి చెప్పి వెనక్కి వస్తాను.