చించే ముందు చదివినవి

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు నేను నలభైకి పైగా పుస్తకాలు చదివాను. చదివినవన్నీ నా చేతులతోనే చించాను. రాయకోటలో పుస్తకాలను నాకంటే శ్రద్ధగా చదివినవాడు లేడు, వాటికి నాకంటే ఎక్కువ హాని చేసినవాడూ లేడు.

కృష్ణగిరి కాలేజీలో పీయూసీ రెండోసారి కూడా తప్పినప్పుడు నాయన తిట్టలేదు. బజారులోని మా చిల్లర కొట్టులో పొట్లాలు కట్టే పని అప్పగించాడు. తిట్టి ఉంటే సాయంత్రానికి అయిపోయేది.

ఆ వేసవిలో మా బడి తెలుగు అయ్యవారు పోయారు. ఆయన భార్య కెలవరపల్లిలో ఉన్న మరిది ఇంటికి వెళ్లిపోతూ, రెండు గోనె సంచుల పుస్తకాలను మా కొట్టుకు తూకానికి వేసింది. ఆమెకు చదువు రాదు. మాకు కాగితం కావాలి. అందులో విషాదమేమీ ఎవరికీ కనిపించలేదు.

నవలల కాగితం ఆవాలకూ జీలకర్రకూ సరిపోతుంది. పురాణాలు పెద్దవి, బెల్లానికి. వెనక అట్ట వైపు నుంచి చించితే కుట్టు తేలిగ్గా వదులుతుంది కాబట్టి ప్రతి నవలలోనూ ముగింపే ముందు అమ్ముడుపోయేది. హంతకుడు పావుకిలో ఆవాలతో వెళ్లిపోయాక హత్య గురించి చదవడంలో ఒక ప్రశాంతత ఉంది. పశువైద్యం చదివాను, ఛందస్సు చదివాను, స్త్రీల వ్రతాలు కూడా చదివాను. బేరం లేనప్పుడు చదవడం, బేరం రాగానే చించడం.

రెండో సంచి అడుగున ఆరు పొడుగు నోటు పుస్తకాలు దొరికాయి. అయ్యవారు ఏళ్ల తరబడి రాసుకున్న దినచర్య. గట్టి కాగితం. నాయన వేళ్లతో నలిపి చూసి, "దీన్ని కందిపప్పుకు పెట్టురా" అన్నాడు.

వాటిని నేను పైకి చదవడం మొదలుపెట్టాను. 'పాలావిడ నీళ్లు కలిపింది. అడిగితే ఏడ్చింది. చివరికి నేనే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.' పక్క టీ కొట్టాయన గ్లాసులు కడగడం మానేసి వచ్చి నిలబడేవాడు.

"బతికుండగా ఇంత నగిపించలేదే ఐవోరు! ఇంకోటి చదువప్పా."

నా గురించి కూడా ఒకచోట ఉంది: 'శెట్టి కొడుకు. నవ్వించడం వచ్చు, మరేమీ రాదు.' దాన్ని టీ కొట్టాయన రెండుసార్లు చదివించుకున్నాడు.

ఒకరోజు ఒక కాగితం 'పిల్లవాడికి జ్వరం తగ్గలేదు' అని మొదలైంది. అయ్యవారికి పిల్లలున్నట్టు మా ఈడువాళ్లమెవరమూ ఎరగం. టీ కొట్టాయన నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇందులో నవ్వేదేమీ లేదనుకుని దాన్ని చించి, పప్పు కట్టి, తర్వాతి కాగితం అందుకున్నాను. రెండు నెలల్లో ఆరు పుస్తకాలూ అయిపోయాయి.

ఆషాఢం వెళ్లాక ఒక మధ్యాహ్నం అయ్యవారి భార్య బస్సు దిగి నేరుగా కొట్టుకు వచ్చింది.

"ఏమప్పా, మా ఐవోరు చేత్తో రాసిన పుస్తకాలు ఈడుండాయా? పొడుగువి."

నేను నాయన వైపు చూశాను. నాయన తక్కెడ వైపు చూశాడు.

"అవి నా పెట్టెలో పెట్టుకోని పోయినాననుకుంటి. మొన్న మా మరిది కోడలు చేత చదివిస్తే అన్నీ బడి పిల్లోళ్ల పేర్లే. ఫలానావోడు వచ్చినాడు, ఫలానావోడు రాలేదు. హాజరు పట్టీలంట. మూడు నెల్లు వాటికి దండం పెట్టినానప్పా."

నాకు నవ్వు వచ్చింది. ఆమె కూడా నవ్వింది. తర్వాత బస్తా మీద కూర్చుని మిగతాది చెప్పింది.

పాతికేళ్ల కింద ఆమె కల్లావిలో పుట్టింటికి వెళ్లినప్పుడు ఇక్కడ ఆరేళ్ల కొడుక్కి జ్వరం వచ్చింది. నాలుగో రోజు పోయాడు. ఆమె వచ్చేసరికి పూడ్చేశారు. జ్వరం వచ్చిన రోజే కల్లావికి కబురు పంపానని అయ్యవారు అన్నారు. ఏ కబురూ రాలేదని పుట్టింటివాళ్లు ప్రమాణం చేశారు. ఆమె మొగుడి మాట నమ్మింది. మళ్లీ పుట్టింటి గడప తొక్కలేదు, తల్లి చచ్చిపోయినప్పుడు కూడా. అయ్యవారు పోయే ముందు మాత్రం, "అంతా రాసిపెట్టినా, నేను పోయినాక చదివించుకో" అన్నారట.

"కబురు పంపినాడా లేదా, ఆ ఒక్కటే చూడప్పా. అది చాలు నాకు."

"సంచుల్లో వెదకల్లమ్మా. ఎనిమిది దినాలు పోనీ, మళ్లీ రాండి" అన్నాను.

ఆ వారమంతా మా కొట్టులో పప్పు కొనేవాళ్ల ఇళ్లకు తిరిగాను. అలమరల్లో పరిచినవీ, ఊరగాయ జాడీల మూతల కింద పెట్టినవీ, ఒక పిల్లాడి లెక్కల పుస్తకానికి అట్ట వేసినదీ కలిపి పదకొండు కాగితాలు దొరికాయి. పంటి నొప్పి, కప్పు పెంకులు, ఉప్పు ధర. జ్వరం కాగితం దొరకలేదు. చాలా ఇళ్లలో పొయ్యి రాజేయడానికే వాడేశారు.

"పంపినాడని చెప్పేయ్" అన్నాడు నాయన. "నోరు తెరిస్తే కతలే గదా నీకు. ఈ పొద్దు ఒకటి పనికొచ్చేది చెప్పు."

చెప్పిన రోజుకు ఆమె వచ్చింది. చేతిలో ఒక కాగితం పట్టుకుని, పెంకుల లెక్క మీద కళ్లు పెట్టి, "పంపినాడమ్మా. జ్వరమొచ్చిన పొద్దే మనిషిని పంపినాడు" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. అక్కడ ఆపి ఉంటే అయిపోయేది. కానీ ఆ ఏడు నేను చదివిన నవలల్లో కబురు మోసేవాడెవడూ పొడిగా వెళ్లలేదు.

"ఆ మనిషి జోరువానలో తడుస్తానే పోయినాడంట" అన్నాను.

ఆమె కళ్లు తెరిచింది.

"ఆ ఏడు వాన్లే లేవప్పా. కల్లావిలో తాగే నీళ్లకు రెండు మైళ్లు పోతా ఉంటిమి."

నేను కాగితాన్ని మడిచాను. టీ కొట్టాయన గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"వాన నువ్వు పెట్టింది" అంది ఆమె, మెల్లగా. "మనిషిని కూడా నువ్వే పెట్టినావా?"

"అవునమ్మా."

"మరి ఆయన రాసిందేమి?"

"జ్వరం తగ్గలేదని ఉండింది. అంతవరకే చూసినా. చించేసినా."

"చదవకుండానే?"

"చదవకుండానే."

"మా అమ్మ కూడా నన్ను చూడకుండా అట్లే పాయెనే" అని ఆమె తనలో తాను అనుకున్నట్టు అంది. మోకాళ్లు పట్టుకుని లేచింది. పదకొండు కాగితాలూ ఆమె ముందు పెట్టాను, కనీసం ఇవైనా తీసుకుపొమ్మని. వేలితో ఒకసారి తాకి వెనక్కి తోసింది.

"ఇవి నాకెందుకప్పా? పొట్లాలు కట్టుకో."

నాయన గబగబా వెనక్కి వెళ్లి ఒక బెల్లం దిమ్మ తెచ్చేసరికి ఆమె హోసూరు బస్సు ఎక్కేసింది. మళ్లీ రాలేదు.

ఆ కాగితాలను ఇప్పటికీ భద్రంగా దాచుకున్నానని రాస్తే బాగుంటుంది. దీపావళి ముందు రోజు కొట్టు నిండా జనం ఉండగా కాగితం చాలలేదు. నాయన చెయ్యి చాపాడు, నేను ఇచ్చాను.