ముందు అంకె, తర్వాత నమస్కారం

గుమ్మలక్ష్మీపురంలో మండల విద్యాశాఖ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరేనాటికి నాకు కోపం ముక్కు మీదే ఉండేది. నెలాఖరుకి అది నెత్తికెక్కేది. కొండల మీది బడుల నుంచి మాస్టార్లంతా లెక్కలు పట్టుకుని దిగేవారు. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎంత బియ్యం వండారు, ఎంత మిగిలింది. అవే అంకెలు ఫారం తర్వాత ఫారంలో ఎక్కించాలి. రాసిందే రాస్తూ మా వరండాలోనే పొద్దు గడిపేవారు, పాపం.

వాళ్లలో రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్ద మాస్టారు ఒకరుండేవారు. ఆయనది ఒక్క టీచరే ఉన్న బడి. ఆయన కొండ దిగితే బడికి తాళమే.

"తాళమేసిన బడికి గుంటలు ఒకపాలి వత్తారు, రెండోపాలి రారమ్మా," అన్నారోసారి, రాస్తూనే. ఐదో తరగతి గుంట, అంటే ఆడపిల్ల, ఒకతి అలాగే తాళం చూసి మేకల వెంట పోయిందట. మళ్లీ బడి మొహం చూడలేదట. ఆ మాట విన్నాక నాకు మనసు మనసులో లేదు.

అప్పటికే మాస్టార్ల చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. మా మండల విద్యాధికారి ఎంఈవో గారిని బతిమాలి ఒక ఏర్పాటు చేశాను. ఆఫీసు సెల్లుకి అంకెలు మెసేజ్ పెడితే చాలు, ఫారాలన్నీ నేను కంప్యూటర్లో నింపి ఉంచుతాను. సెలవురోజు మీటింగుకి వచ్చినప్పుడు సంతకం పెడతారు. కుర్ర మాస్టార్లు ఇట్టే నేర్చుకున్నారు.

పెద్ద మాస్టారి మెసేజ్ మాత్రం ఇలా వచ్చింది: "గౌరవనీయులైన ఎంఈవో గారికి నమస్కారములు. తమరు కుటుంబ సమేతంగా క్షేమమని తలుస్తూ, సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా..." అంతే. ఆ ఫోన్లో అంతకుమించి అక్షరాలు పట్టవు. అంకె లేదు కాబట్టి ఆయన్ని కిందికి రమ్మన్నారు. బడికి మళ్లీ తాళం పడింది.

ఉండబట్టలేక తర్వాతి నెలాఖరుకి నేనే కొండెక్కాను. బడి వదిలాక ఆయన ఊరి చివర సిగ్నలందే బండ మీద కూర్చుని, ఒక్కో మీటా వెతికి నొక్కుతున్నారు. తొంగి చూస్తే మళ్లీ 'గౌరవనీయులైన...' అనే మొదలు.

"మాస్టారూ, అంకెలు పంపండి చాలు," అన్నాను పళ్లు కొరుక్కుంటూ.

"పెద్దాయనకి ఉత్తి అంకె పంపితే ఏటి బాగుంతాదమ్మా? గుమ్మంలో నిలబడి అరిసినట్టుంతాది."

ఆ మనిషి మీద కోపం నిలవదు. చివరికి బేరం కుదిరింది. ముందు అంకెలు, తర్వాత ఎంత పడితే అంత నమస్కారం.

"బోయినం పెట్టీసి అప్పుడు పిలిసినట్టుంది," అని గొణుక్కుంటూనే పంపారు.

ఆ తర్వాత ఏ నెలాఖరునా ఆయన బడికి తాళం పడలేదు. ఆయన మెసేజ్ కోసం నేను ఎదురుచూసేదాన్ని. అంకెల కింద ఎంఈవో గారి క్షేమం, నా క్షేమం, వానల సంగతి, చోటున్నంత మేరా ఉండేవి.

ఒక నెల మాత్రం ఉత్తి అంకెలే వచ్చాయి. నమస్కారం లేదు. పైగా పిల్లల లెక్క పోయిన నెల కన్నా ఒకటి ఎక్కువుంది. ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడి ఫోన్ చేశాను.

"ఆ మేకల గుంట వచ్చీసిందమ్మా," అన్నారు. "రోజూ బడి తీసుండడం సూసి, తనంతట తనే వచ్చి కూసుంది. ఆ ఆనందంలో నమస్కారం మర్సిపోనాను. అయ్యగారికి నువ్వు సెప్పు."