హాజరు మిషన్‌కు ఆయుధ పూజ

హిందూపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు, గేటు దగ్గర చెయ్యి చూసి హాజరు వేసే మిషన్ పెట్టారు. నాకు కంప్యూటర్ వచ్చు కాబట్టి దాన్ని తుడిచే గొప్ప పదవి కూడా నాకే దక్కింది. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డ కొద్దిగా తడిపి, చెయ్యి పెట్టే పలకనూ, దాన్ని మిషన్ చూసే పైనున్న గాజునూ తుడిచేవాణ్ణి.

ఆయుధ పూజ నాడు నేను సెలవులో ఉన్నాను. మా మేనేజర్ గారు కుట్టు మిషన్లతో పాటు దానికీ పసుపు రాసి, సరిగ్గా గాజు మీదే ఇంత బొట్టు పెట్టారు. మర్నాడు మిషన్ ఒక్కరినీ గుర్తుపట్టలేదు. నేను వెళ్ళేసరికి, తప్పు చేతులదేనని తేల్చి, ఆయన అందరినీ కుళాయి దగ్గరికి పంపుతున్నారు.

గుడిబండ నుంచి వచ్చే ఒకావిడ మూడోసారి కడుక్కొని వచ్చింది. "ఇంగెన్నిసార్లు కడగల్ల సార్? నేను నేనేనని మీరన్నా దానికి చెప్పండి" అంది.

నేను గుడ్డ తీశాను. "పూజ చేసిన బొట్టు తుడుస్తారా యాడన్నా? అపశకునమబ్బా!" అంటూ మేనేజర్ అడ్డం వచ్చారు.

"అయితే మీ చెయ్యి పెట్టండి సార్" అన్నాను.

ఆయన దర్జాగా పెట్టారు. ఫ్యాక్టరీ పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషిని, మిషన్ ఎవరో తెలియదు పొమ్మంది.

"తుడిచెయ్యప్పా" అన్నారు, నా వైపు చూడకుండా.

తుడవగానే ఆవిడ హాజరు మొదటిసారికే పడింది. అందరూ గంట ఆలస్యంగా వచ్చినట్టు మిషన్ నిజాయితీగా రాసుకుంది. మేనేజర్ గారు బీరువాలోంచి పాత రిజిస్టరు తీయించి, వేళకే వచ్చినట్టు అందరి చేతా సంతకాలు పెట్టించారు.