సాయమ్మత్త పదహారు పాటలు

మా సాయమ్మత్త ఒక్క కూర్చోవడంలో పదహారు పాటలు పాడితే, అందులో ఒక్కటి కూడా మిగలకుండా పోగొట్టిన ఘనత నాది. ఈ కథలో దొంగలు లేరు, వాన లేదు, కనీసం కరెంటు కూడా పోలేదు. అంతా నా తెలివే. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నేను వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సారుని. చేరిన నెలకే, కంప్యూటర్లో విండోస్‌కు బదులు ఉచితంగా వేసుకునే లినక్స్ నన్ను పట్టుకుంది, కొందరిని భక్తి పట్టుకున్నట్టు. కనిపించినవాళ్లందరికీ దాని గొప్పలు చెప్పేవాణ్ని. హోటలాయన నన్ను దూరం నుంచి చూడగానే టీవీ సౌండు పెంచేవాడు.

సాయమ్మత్త మా నాన్న చెల్లెలు. వీపనగండ్ల దగ్గర ఊరు. నాట్లకు పోతే ముందు గొంతు ఆమెదే. ఆమె పాట అందుకుంటే పక్క మడిలోవాళ్లు కూడా మాటలాపేసి వినేవాళ్లు. కూతురు సువర్ణ, మొగుడితో కలిసి పుణేలో బిల్డింగు పనుల్లో ఉండేది. అక్కడే కొడుకు పుట్టాడు. అదే సమయంలో అత్త గొంతు మీద గడ్డ లేచింది. ఆపరేషన్ చేయాలి, తర్వాత గొంతు మారినా మారవచ్చు అన్నాడు డాక్టరు.

సువర్ణ నాకు ఫోన్ చేసింది. "బావా, అమ్మ దవాఖానకు పోకముందే జోలపాటలు రికార్డు చేసి పంపవా? నా కొడుకు వినాలె. ఫోన్ల చేస్తే సాలు."

"ఫోన్లనా? నేనుండంగ ఫోన్లనా?" అన్నాను.

ఆ ఆదివారం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బస్సెక్కాను. అత్త ఇంటి అరుగు మీద దాన్ని తెరిచి, పెన్‌డ్రైవ్ గుచ్చాను.

"గీ డబ్బా ఎందుకు అల్లుడా? ఫోన్ల గాదా?"

"అత్తా, ఇది రికార్డు చేసే పోర్టబుల్ యాప్. ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని ఏ లినక్స్ కంప్యూటర్‌కు పెట్టినా నడుస్తది!"

"గట్లనా నాయినా," అంది, నేనేదో మందులేని రోగం పేరు చెప్పినట్టు జాలిగా చూస్తూ.

పాపం, ఆ యాప్ తప్పేమీ లేదు. అంత సులువైనది ఇంకోటి ఉండదు. ఉన్నది ఒకే ఒక్క ఎర్ర బటన్. స్పేస్‌బార్ నొక్కినా అదే పని. ఒకసారి నొక్కితే రికార్డవుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే ఆగినచోటు నుంచి సాగుతుంది. అత్తకు చూపించాలని నొక్కి, "హలో, హలో" అన్నాను. తెర మీద గీతలు ఎగిరాయి.

"అయ్యో, గా గీతలు జూస్తుంటే నా గుండె దడదడ కొట్టుకుంటుంది. మూసెయ్ జర!" అంది అత్త.

వెంటనే నా తువ్వాలతో తెర కప్పేశాను. ఆ హడావిడిలో మళ్లీ నొక్కి ఆపడం మరిచాను. అంతే. జరిగిన ఘోరమంతా ఇదే.

"ఇగ పాడు అత్తా," అని స్పేస్‌బార్ నొక్కాను. నడుస్తున్న రికార్డింగు ఆగింది. అత్త పాడింది. పాట అయిపోగానే మళ్లీ నొక్కాను. రికార్డింగు నడిచింది. "సూపర్ అత్తా!" అన్నాను. ఇలా పదహారుసార్లు. పాట మొదలైతే ఆపడం, ముగిస్తే నడపడం. పగవాడు పనిగట్టుకుని చేసినా ఇంత శ్రద్ధగా చేయలేడు.

ఆ రోజు ఆమె ఎలా పాడిందో చెప్పడానికి నాకు చేతకాదు. ఒక చేయి గొంతు గడ్డ మీద పెట్టుకుని, ఇంకో చేత్తో లేని ఉయ్యాల ఊపుతూ పాడింది. ఒక పాట మధ్యలో ఆగి, "ఇది మా అమ్మ పాడేది. సువర్ణకు గూడ తెల్వదు," అని, కళ్లు తుడుచుకుని మళ్లీ అందుకుంది.

చివరికి చెమట తుడుచుకుంటూ అడిగింది. "మంచిగ పడ్డయా అల్లుడా?"

"కతర్నాక్ పడ్డయత్తా!"

ఒక్క నిమిషం వినిపించి చూద్దామన్న బుద్ధి నాకు పుట్టలేదు. తువ్వాల తీస్తే గీతలు ఇంకా ఎగురుతున్నాయి, చివరిసారి సరిగా నొక్కలేదేమో అనుకుని ఆపేశాను. ఫైలు పెద్దగా ఉంది, అదే చాలనుకున్నాను. సాయంత్రమే పంపేశాను. మంగళవారం హైదరాబాదులో అత్తకు ఆపరేషన్ అయింది. పనిలో తీరిక లేక, సువర్ణ ఆ ఫైలును బుధవారం గానీ వినలేదు.

"బావా, ఏం పంపినవ్ నువ్వు?"

"ఎట్లున్నయ్ పాటలు?" అన్నాను, మెచ్చుకోలు వినడానికి సర్దుకు కూర్చుంటూ.

"పాటలేడియి? హలో హలో అంటవ్. కోడిని ఉష్ ఉష్ అని తోల్తవ్. చాయ జుర్రుతవ్. పదారుసార్లు సూపర్ అత్తా అంటవ్. మా అమ్మ ఏడ పాడింది బావా?"

మొదట ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆమె ముందు ఆపింది. "ఫోన్ల చెయ్యమన్న గద," అంది మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

అత్త ఇంటికొచ్చాక పోయి ఒప్పుకున్నాను. పది రోజులు మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి తిట్లు తప్పాయి. నేను చెప్పిందంతా వింటూ ఆమె భుజాలు కదిలిపోయాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! కుట్లు నొప్పి పెడుతుంటే గొంతు పట్టుకుని మరీ నవ్వింది. తర్వాత కొంగుతో మొహం కప్పుకుని నిజంగానే ఏడ్చింది. ఏం చేయాలో తెలియక ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

గడ్డ పోయింది, ఆరోగ్యం కుదురుకుంది. పాత గొంతు మాత్రం రాలేదు. మాట బొంగురు పోయింది, పాట పైకి ఎక్కేచోట తెగిపోతోంది. రెండు నెలల తర్వాత నోరు మూసుకుని ఫోన్లోనే మూడు పాటలు రికార్డు చేసి పంపాను.

"ఎట్లున్నయి సువర్ణా?"

"నాకు వినబుద్ధి కాలే బావా. అది మా అమ్మ గొంతు గాదు." మళ్లీ తనే అందుకుంది. "వాడైతే వినుకుంట పండుకుండు. వానికేం తెల్సు? వానికి అమ్మమ్మ గొంతంటే గిదే."

కాబట్టి పాఠకులారా, లేచి నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి మాట రికార్డు చేసినా, ముందు రెండు నిమిషాలు చేసి, వాళ్లకు వినిపించి, వాళ్లు సరేనన్నాకే ముందుకు పోతాను. మా ఆవిడ సరుకులు చెప్పినా ఇదే పద్ధతి. ఆమెకు విసుగు. నాకు ఇంకా భయం.